నాజూకు వైన్‌లో పిండిన చుక్క

మొదటి సీసాలోని వైన్ పోసిన, కొలత గీతలున్న గాజు గొట్టాన్ని ఎస్తేరు కళ్ళ ఎత్తున పట్టుకుంది. రెండో సీసాలోంచి నల్లటి వైన్ కొంచెం అందులోకి వంచింది. నూటికి ఐదు పాళ్ళు. అరచేత్తో మూతి మూసి, ఒకసారి తలకిందులు చేసి, హెలెన్ గారి ముందున్న ఖాళీ గ్లాసులో పోసింది.

"ఇది తాగి చూడండి" అంది.

హెలెన్ గారు గ్లాసు ముట్టుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, ఆ ద్రాక్షతోటా వైనరీ ఆవిడవే. రేకుల షెడ్డులో ఆ ఉదయం చలికి మా అందరి నోళ్ళ నుంచి ఆవిరి వస్తోంది.

"అందులో కలిపింది ఏమిటి?"

"పిండిన వైన్."

"నా పినోలో పిండింది ఒక్క చుక్క కూడా పడదని నీకు తెలుసు కదా."

"తెలుసు" అంది ఎస్తేరు. గ్లాసు వెనక్కి తీసుకోలేదు.

నేను తలుపు దగ్గర, వాళ్ళకి దూరంగా వేసిన కుర్చీలో కూర్చుని ఉన్నాను. నన్నక్కడ కూర్చోబెట్టడానికో కారణం ఉంది, తర్వాత చెబుతాను. ముందు ఆ గ్లాసులో ఏం తేలాలో చెప్పాలి. పినో అంటే పల్చటి తోలున్న ఒక రకం నల్ల ద్రాక్ష, దానితో చేసే ఎర్ర వైన్. హెలెన్ గారికి ఏడాది పొడుగునా తనతో పనిచేసే మనిషి ఒకరు కావాలి. కోతల కాలంలో అక్కడ సాయానికి వెళ్ళిన ఎస్తేరుకి ఆ చోటు కావాలి. ఆ ఉదయం పిలిచింది అందుకే. "ఈ ఏడాది పినో ఎలా సీసాల్లోకి ఎక్కించాలో నువ్వే చెప్పు, విని చూస్తాను" అన్నారట. ఆ అమ్మాయి చేసిన మొట్టమొదటి పని ఆ షెడ్డులో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటుని దాటడం.

బయల్దేరే ముందు

ఎస్తేరు మా దేవసహాయం కూతురు. దేవసహాయం, నేను విజయవాడలో ఒకే పత్రిక డెస్కులో ఎదురెదురుగా కూర్చుని చాలా ఏళ్ళు పనిచేశాం. నేను రిటైరయ్యాను. వాడికింకా కొంచెం సర్వీసు ఉంది. చీరాల దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో వాడు పెద్ద. కూతురు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, అడిలైడ్ వెళ్ళి వైన్ తయారీ చదువులో చేరింది. చర్చిలో ఎవరైనా అడిగితే వాడు "ఫుడ్ సైన్సే" అనేవాడు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. డెస్కులో అలాంటి వాక్యాలు రాయడం మా ఇద్దరికీ బాగా అలవాటు.

నేను ఆస్ట్రేలియా వెళ్తున్నానని తెలిసి ఇంటికి వచ్చాడు.

"ఒరేయ్, మా పిల్ల చదువేంటో చూసి నాకర్థమయ్యేట్టు చెప్పరా. ఫోన్లో చెబుతుంది, సగం బుర్రకెక్కదు. మొన్న 'ఈ వైన్ ఎలిగెంట్‌గా ఉంది నాన్నా' అంది. తాగేది ఎలిగెంట్‌గా ఉండటమేంట్రా? చీరా అది?"

తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. కోర్సు ముగిసేలోగా ఏదైనా వైనరీలో నిలకడైన పని దొరికితే ఆమె అక్కడే ఉంటుంది. లేకపోతే తిరిగొచ్చి గుంటూరు దగ్గర పళ్ళరసాల ఫ్యాక్టరీలో చేరుతుంది. ఆ ఫ్యాక్టరీలో వీడికి తెలిసినవాళ్ళున్నారు. "మాటిచ్చింది, తప్పదు" అన్నాడు. అంటున్నప్పుడు వాడి మొహంలో గెలిచిన కళ లేదు.

టార్నీట్

మొదట మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో మా మేనకోడలు సంధ్య ఇంట్లో దిగాను. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పెరట్లో గోంగూర, గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకులు, వాకిట్లో రెండు కార్లు. మర్నాడు పొద్దున నడకకి వెళ్ళి, తిరిగొచ్చి తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఒక పంజాబీ ముసలమ్మ సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేను బిత్తరపోయాను, ఆవిడ మాత్రం కాదు. కూర్చోమని సైగ చేసి టీ తెచ్చిచ్చింది. ఎవరు నువ్వని అడగలేదు. కప్పు ఖాళీ చేసి దండం పెట్టి బయటకి వచ్చాను. సంధ్య నవ్వి, "ఈ వీధికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఇంట్లో టీ తాగినవాళ్ళే మావయ్యా" అంది.

విలేకరి బుద్ధి ఎక్కడికీ పోదు. దేవసహాయం ప్రశ్నని కనబడిన ప్రతివాళ్ళనీ అడుగుతూ పోయాను. వైన్ ఎలిగెంట్‌గా ఉందంటే ఏమిటి?

"మా ఇంటికి డిన్నర్‌కొచ్చినవాళ్ళు తాగి పాత గొడవలు తవ్వకుండా వెళ్తే, అది ఎలిగెంట్ వైన్" అంది సంధ్య. ఆమె పదేళ్ళ కొడుకు నా తెలుగు ప్రశ్నని శ్రద్ధగా విని, ఇంగ్లీషులో, అది ఖరీదైన సీసాకి పెట్టే పేరు అన్నాడు. వాడికి మా వృత్తిలో భవిష్యత్తు ఉంది.

ఆదివారం పక్కింటివాళ్ళు బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి, పిలిచారు. అక్కడ పొయ్యి దగ్గర మాంసం తిరగేస్తున్న ఒక రైలు డ్రైవరు మాత్రం నా ప్రశ్నని గౌరవంగా తీసుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. "కొన్ని వైన్లు ఒక్క గ్లాసుతోనే మనిషిని కూలేస్తాయి. బాగుంటాయి, కానీ చాలనిపిస్తుంది. కొన్ని అయిపోయాక గ్లాసు వంక చూస్తాం, ఇంకొంచెం ఉంటే బాగుండునని. ఆ రెండోది" అన్నాడు. అని నా ప్లేటులో సాసేజీ వేశాడు.

మాసన్ లేక్స్

అడిలైడ్ ఉత్తరాన మాసన్ లేక్స్‌లో ఎస్తేరు మరో నలుగురు విద్యార్థులతో కలిసి ఉంటుంది. పేరులో సరస్సులున్నట్టే వీధుల చివర నీళ్ళున్నాయి, ఆ నీళ్ళలో బాతులున్నాయి. ఇంట్లో మాత్రం మన హాస్టలే. సింకులో గిన్నెలు, ఫ్రిజ్ మీద పనుల వంతులు, తలుపు వెనక చెప్పుల కుప్ప.

ఎస్తేరు పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఏ వస్తువునైనా ముందు వాసన చూసి తర్వాత మాట్లాడుతుంది. నేను తెచ్చిన కందిపొడి సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, "అమ్మ ఈసారి వెల్లుల్లి కొంచెం మాడ్చింది అంకుల్" అంది.

"చూసిన్రా?" అన్నాడు నరేష్. కరీంనగర్ అబ్బాయి, అదే ఇంట్లో ఉంటాడు, చదువుతో పాటు కారు నడుపుతాడు. "గిట్లనే జేస్తది. మేం కూర మూత తీయంగనే మార్కులేస్తది. ఈమెతోని అన్నం తినుడంటే ఎగ్జామ్ రాసుడే."

అతణ్ణీ అడిగాను. "మాకైతే పొద్దుగాల తలకాయ నొయ్యకుంటే అదే ఎలిగెంట్ అంకుల్" అన్నాడు.

ఎస్తేరు నవ్వలేదు. "నన్నడక్కండి. యూనిలో ఆ వర్డ్ రాస్తే మార్కులు కట్ చేస్తారు. అది పొగడ్త, డిస్క్రిప్షన్ కాదంటారు మా లెక్చరర్. పులుపెంత, వగరెంత, వాసనలేంటి, మింగాక ఎంతసేపు నిలిచింది, అవి రాయాలి. హెలెన్ గారేమో ప్రతి లేబుల్ మీదా అదే వర్డ్ వేస్తారు. ఇద్దరి మధ్యా నేను."

మా డెస్కులోనూ కొత్తగా వచ్చినవాళ్ళ కాపీలోంచి 'అద్భుతమైన', 'హృదయవిదారకమైన' లాంటి మాటల్ని ఎర్ర పెన్నుతో కొట్టేసేవాళ్ళం. ఏం జరిగిందో రాయవయ్యా, ఏడవాలో వద్దో చదివేవాడు చూసుకుంటాడు అనేవాళ్ళం. ఆ లెక్చరర్ మీద నాకు అక్కడికక్కడే గౌరవం కలిగింది.

బరోసా

మర్నాడు నరేష్ కారులో బరోసా లోయకి వెళ్ళాం. గట్టి, ముదురు ఎర్ర వైన్లకి పేరుపడ్డ చోటు. ఆకులు రాలే కాలం కావడంతో తోటలన్నీ పసుపు, ఇటుక రంగు కలిసి ఉన్నాయి. రుచి చూపించే గదుల్లో బల్ల వెనక ఒకరు నిలబడి, గ్లాసులో రెండు గుక్కలు పోసి, కథ చెబుతారు. పోసిందానికి రుసుము ఉంటుంది. సీసా కొంటే రుసుము మాఫీ. మన బట్టల కొట్లో చీరలన్నీ విప్పి పరిచాక కలిగే మొహమాటమే ఇక్కడా కలుగుతుంది.

నాకు ఇబ్బందైంది ఉమ్మడం. నోట్లో తిప్పి, పక్కనున్న మెరిసే బకెట్టులో ఉమ్మాలి. ఎస్తేరు సన్నటి ధారగా, చప్పుడు లేకుండా ఉమ్మేస్తోంది. గోడల మీద ఇక్కడ ఉమ్మరాదు అని చదువుతూ పెరిగినవాణ్ణి, పరాయి దేశంలో, నలుగురి మధ్య, తళతళలాడే పాత్రలో నా వల్ల కాలేదు. మర్యాదకి అన్నీ మింగేశాను. మూడో చోటికి వెళ్ళేసరికి బల్ల వెనక ఉన్నాయనకి మా పత్రిక చరిత్ర చెబుతున్నానట. ఆ సంగతి నరేష్ చెబితేనే తెలిసింది.

అంతకుముందే, కాస్త తెలివిగా ఉన్నప్పుడు, ఎస్తేరు నాకొక పాఠం చెప్పింది. ఒక వైన్ పుక్కిలించి, బొటనవేలు, చూపుడువేలు కలిపి బట్టని తడిమినట్టు తడిమింది.

"నాలుక మీద ఆ గరుకు తెలుస్తోందా అంకుల్? అది వగరు. ద్రాక్ష తోలు నుంచి, గింజ నుంచి వస్తుంది. ఈ వైన్‌లో అది దుప్పటిలా ఉంది. మంచి దుప్పటే, చలికి కప్పుకోవచ్చు. హెలెన్ గారి పినోలో అయితే ఎండాకాలంలో మా నాయనమ్మ కట్టుకునే నేతచీరలా ఉంటుంది. పల్చగా ఉంటుంది, కానీ నూలు ఎక్కడా తెగదు. వేలు పెడితే నేత తెలుస్తుంది."

"అయితే అదే ఎలిగెన్స్ కదా?"

"మార్కులు కట్" అంది, ఈసారి నవ్వుతూ.

చీరాల పిల్ల కదా, ఆమెకి బట్ట భాష ముందొచ్చింది, వైన్ భాష తర్వాత వచ్చింది. ఎలిగెన్స్, ఆ రోజు లేబుళ్ళ మీద దాని పక్కనే కనబడ్డ రిఫైన్‌మెంట్, ఈ రెండు మాటలకీ తెలుగులో ఏం పెట్టాలా అని దారి పొడుగునా ఆలోచించాను. ఎలిగెన్స్‌కి నాజూకు సరిపోతుందనిపించింది. రిఫైన్‌మెంట్‌కి మెరుగు పెట్టడం అనుకున్నాను. గరుకుని తీసేయకుండా నునుపు చేయడం. అప్పటికి అది నాకు మాటల సర్దుబాటుగానే తోచింది.

రూతమ్మ గారి వంటిల్లు

శనివారం సాయంత్రం ఎస్తేరు నన్ను రూతమ్మ గారింటికి తీసుకెళ్ళింది. కాకినాడ మనిషి. నర్సుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అడిలైడ్‌లో ఒక అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనకి, సంస్కారపు బల్ల రోజున, అంటే క్రీస్తు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, రసం పంచే రోజున, ఇచ్చే ద్రాక్షరసం ఆవిడే చేస్తారు. మన కోస్తాలో చాలా చర్చిల్లో వైన్ ఇవ్వరు, పులియని రసమే ఇస్తారని తెలిసినవాళ్ళకి తెలుసు. షాపులో సీసాలు దొరుకుతాయి కదా అంటే ఆవిడ ఒప్పుకోరు.

నల్ల ద్రాక్షల్ని గోరువెచ్చగా కాచి, చిదిపి, పాత పంచెగుడ్డలో మూట కట్టి, సింకు కుళాయికి వేలాడదీశారు. కింద స్టీలు గిన్నె. టప్, టప్ మని చుక్కలు పడుతున్నాయి. తెల్లారేదాకా అలా వదిలేయాలట. నేను పక్కనే నిలబడి, ఊరికే ఉండలేక, మూటని కాస్త నొక్కబోయాను.

"చెయ్యి తియ్యండి బాబూ" అన్నారు రూతమ్మ గారు, నర్సు గొంతుతో. "పిండకూడదు."

"పిండితే ఎక్కువొస్తుందేమోనని."

"ఎక్కువే వత్తాది. వగరు కూడా వత్తాది. మా ఊర్లో ఒకావిడ దొంగతనంగా పిండేసేది, మనిషికో చుక్క ఎక్కువ సర్దొచ్చని. మర్నాడు పిల్లల మొకాలు చూసేవోళ్ళం. ముడిచారంటే, ఆవిడ పిండేసిందన్న మాటే."

"యూనిలో దీన్ని ఫ్రీ రన్ అంటారాంటీ. దానంతటదే కారింది" అంది ఎస్తేరు, అల్లం తరుగుతూ.

"మా అత్తగారు ఓపిక అనేది" అన్నారు ఆవిడ. ఆపైన నా వైపు తిరిగి, "ఈ పిల్ల చదువు గురించి వాళ్ళ నాన్న గాబరా పడతన్నారంట గదా? ద్రాక్షతోట పని బైబిల్లో లేనిదా? ఆయనకి చెప్పండి. తాగమని నేను చెప్పలేదని కూడా చెప్పండి" అన్నారు.

ఆ పూట చేపల పులుసు, అన్నం. చేప ఇక్కడిదే, బారమండి. పులుసు మాత్రం కాకినాడదే. మర్నాడు హాల్లో చిన్న చిన్న కప్పులు పంచుతుంటే నేను వెనక వరుసలో కూర్చుని పిల్లల మొహాలే చూశాను. ఒక్కరూ ముడవలేదు. ఒక పిల్లాడు కప్పు అడుగు నాకబోయి వాళ్ళమ్మ చేతిలో ఒకటి తిన్నాడు.

కొండ మీది షెడ్డు

హెలెన్ గారి తోట అడిలైడ్‌కి తూర్పున కొండల్లో ఉంది. దారి మెలికలు మెలికలుగా పైకి పోతుంది. నా కడుపు తిప్పింది. జేబులో తలనొప్పి బామ్ ఉంటే నుదుటికి, ముక్కు కింద దట్టంగా పట్టించాను. ఎస్తేరు కారు నడుపుతోంది, తన ఆలోచనలో తనుంది. కిటికీలు దించి ఉన్నాయి, గమనించలేదు.

షెడ్డు తలుపు తీసిన హెలెన్ గారు నాకు చెయ్యి ఇవ్వబోయి ఆగిపోయారు. ముక్కు ఎగరేశారు. రుచి చూసే గదిలోకి సెంటు రాసుకుని వచ్చినవాళ్ళనే రానివ్వరట. నేను యూకలిప్టస్ చెట్టులా ఘుమాయిస్తూ నిలబడ్డాను. బయట కుళాయి దగ్గర సబ్బుతో మొహం రెండుసార్లు కడిగించారు. తిరిగొచ్చాక వాసన చూసి, "తలుపు దగ్గర కూర్చో, గాలి బయటికి పోయే వైపు" అన్నారు. ఎస్తేరు మొహం ఎర్రబడింది. ఆమె జీవితంలో ముఖ్యమైన పరీక్షకి నేను తెచ్చిన కానుక అది.

బల్ల మీద రెండు సీసాలు. ఎర్ర వైన్‌కి ద్రాక్షల్ని తోలుతోనే పులియబెడతారు. పులిశాక తొట్టి కింది కుళాయి విప్పితే దానంతటదే కారేది ఒక సీసా. మిగిలిన పిప్పిని యంత్రంలో నొక్కితే వచ్చే నల్లటి, గరుకైన వైన్ రెండోది. ఆ రెండోదాన్ని హెలెన్ గారు ఎప్పుడూ తన పినోలో కలపరు. వేరేవాళ్ళకి అమ్మేస్తారు. ఆవిడ వైన్‌ని పత్రికలవాళ్ళు నాజూకు అని రాయడానికి ఆ కట్టుబాటే కారణమని ఆవిడ నమ్మకం. అక్కడే ఎస్తేరు గాజు గొట్టం ఎత్తింది.

"ఎందుకు కలిపావో చెప్పు" అన్నారు హెలెన్ గారు. కోపంగా అనలేదు. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు.

ఎస్తేరు ఏమీ కలపని మొదటి గ్లాసు చూపించింది. "దీని వాసన చాలా బాగుంది. నోట్లో పెట్టగానే బాగుంది. ఆ తర్వాత ఏమీ లేదు. మధ్యలో ఖాళీ ఉంది."

"ఆ తేలికదనం కోసమే మనుషులు నా దగ్గరికొస్తారు."

"మీ పాత ఏళ్ళ సీసాలు మీరే నాకు రుచి చూపించారు. అవీ తేలికే. కానీ వాటిలో ఖాళీ లేదు, చివరిదాకా ఏదో పట్టుకుని ఉంది. ఈ ఏడాది వానలు, చలి. ద్రాక్ష పూర్తిగా పండలేదు. అన్ని ఏళ్ళలాగే చేసి, అదే మాట లేబుల్ మీద వేస్తే..." ఆగింది.

"వేస్తే?"

"పల్చటిదాన్ని నాజూకు అన్నట్టవుతుంది."

హెలెన్ గారు రెండో గ్లాసు తీశారు. వాసన చూశారు. నోట్లో తిప్పి ఉమ్మారు. మళ్ళీ తీసుకున్నారు. "తాగేవాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలియదు" అన్నారు.

"మీకు తెలుసు" అంది ఎస్తేరు.

హెలెన్ గారు రెండు గ్లాసులూ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "పత్రికల మనిషివి. ఏది బాగుందో చెప్పు."

ఎస్తేరు నా వంక చూసింది. నేను మొదటిది తాగాను. చల్లగా, ఎక్కడో చెర్రీలు నలిపినట్టు, హాయిగా జారిపోయింది. రెండోది నోట్లోకి రాగానే బుగ్గల లోపల పచ్చి నేరేడు తిన్నట్టు పట్టుకుంది. ఏం చెప్పాలి? దేవసహాయం కూతురని అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ ఇద్దరూ వాసనతో మనుషుల్ని పసిగట్టేవాళ్ళు.

"నాకు మొదటిదే బాగుంది" అన్నాను.

హెలెన్ గారు నవ్వారు. ఎస్తేరు తల దించుకోలేదు. ఇలా అంది, "ఇవాళ ఎవరికైనా మొదటిదే బాగుంటుంది. పిండినదాని గరుకు ఇవాళే పైకి తెలుస్తుంది. పీపాలో కొన్ని నెలలుంటే లోపలికి సర్దుకుంటుంది. మొదటిదానిలో సర్దుకోవడానికి ఏమీ లేదు. అది ఇవాళ ఉన్నంత బాగా ఇంకెప్పుడూ ఉండదు."

"సర్దుకోకపోతే?"

"సర్దుకోకపోతే నేను తప్పు."

హెలెన్ గారు గ్లాసులు బల్ల మీద పెట్టి, గోడకి వేలాడుతున్న సుద్దముక్క తీసుకున్నారు. రెండు చెక్క పీపాల దగ్గరికి వెళ్ళి, ఒకదాని మీద తన పేరులో మొదటి అక్షరం రాశారు. రెండోదాని మీద ఎస్తేరు పేరులో మొదటి అక్షరం. "నాది నాలాగే. నీది నూటికి ఐదుతో. వసంతంలో ఇద్దరం కలిసి తెరుద్దాం. ఏది సీసాల్లోకి వెళ్తుందో అప్పుడు చూద్దాం. నీ సంగతీ అప్పుడే."

ఆ తర్వాత మాకు రొట్టె, జున్ను, తోటలో కాసిన ఆలివ్‌లు పెట్టారు. నాకు మాత్రం తలుపు దగ్గరే.

దిగివచ్చే దారిలో

కొండ దిగేటప్పుడూ ఎస్తేరే కారు నడుపుతోంది. నేనే అడిగాను. "మొన్న రూతమ్మ గారింట్లో పిండకూడదంటే కిమ్మనలేదు. ఇవాళ నువ్వే పిండినది కలిపావు. ఎలా అమ్మా ఇది?"

"అవి బాగా పండిన ద్రాక్షలు అంకుల్. ఊరికే వదిలేసినా కావాల్సిందంతా కిందికి కారిపోయింది. పిండక్కర్లేదు. ఇవి పండలేదు. వీటికి కొంచెం సాయం కావాలి. ఎప్పుడూ పిండకపోవడమే నాజూకు అయితే ఇంక రుచి చూడ్డం దేనికి? రూల్ చదువుకుంటే చాలు కదా."

చాలాసార్లు వార్తల్ని కత్తిరించి, బిగువుగా చేసి, నలుగురికీ చూపించి మెచ్చుకోలు పొందినవాణ్ణి. ఆ కత్తిరింపుల్లో కొన్ని వార్తలు తేలికపడ్డాయి, కొన్ని ఊరికే ఖాళీ అయ్యాయి. రెండిటికీ మా ఎడిటరు ఒకేలా భుజం తట్టేవాడు. ఆ తేడా చెప్పడానికి ఇన్నేళ్ళలో నాకొక మాట దొరకలేదు. స్టీరింగ్ తిప్పుతున్న ఈ పిల్లకీ మాట దొరకలేదు. అయిదు పాళ్ళు కలిపి చూపించింది.

"మీకు నాది నచ్చలేదని నాన్నకి చెప్పకండి" అంది.

"చెబుతాను. నీ నాన్న నా కంటే పెద్ద సబ్-ఎడిటరు. దాస్తే పట్టేస్తాడు."

"అయితే అబద్ధం చెప్పలేదని కూడా చెప్పండి. మీరు అబద్ధం చెప్పి ఉంటే ఆవిడ అక్కడికక్కడే పట్టేసేవారు. ఇద్దర్నీ పంపించేసేవారు." కొంచెం దూరం పోయాక, "కానీ ఆ బామ్ ఎక్కడ కొన్నారంకుల్? కర్పూరం చాలా ప్యూర్‌గా ఉంది" అంది.

విజయవాడ

వచ్చిన మర్నాడే దేవసహాయం వచ్చి కూర్చున్నాడు. దుప్పటి, నేతచీర, రూతమ్మ గారి మూట, రెండు పీపాలు, అన్నీ చెప్పాను. వాడు చివరిదాకా విన్నాడు. మూటని నేను నొక్కబోయానంటే మాత్రం, "నీకు ముందునుంచీ ఆ దుర్గుణం ఉంది" అన్నాడు.

"ఆ పెద్దావిడ మొహం మీదే మా పిల్ల అలా చెప్పిందా?" అని రెండుసార్లు అడిగాడు. చెప్పిందని రెండుసార్లు చెప్పాను. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"అయితే పని వచ్చినట్టా, రానట్టా?"

"వసంతంలో తేలుతుంది. అంటే అక్కడ అక్టోబరు."

వాడు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. నేనూ చూశాను. కోర్సు ముగిసేలోగా అన్నది ఒప్పందం. కోర్సు ముగింపుకీ అక్టోబరుకీ మధ్య నెలల సంగతేమిటని నేను అడిగితే, ఆలోచించి చెబుతానని లేచి వెళ్ళాడు. ఇది రాస్తున్నప్పటికి ఇంకా చెప్పలేదు. ఎస్తేరు కోర్సు జూన్‌లో ముగుస్తుంది.